మెకంజీయా, మెకెంజీయా? అసలు ఆ ఇంటిపేరు ఎక్కడిది?

పల్నాటి పుల్లారావు
మా ఊరి కైఫీయతు, అంటే పాత కాలంలో రాయించిన ఊరి చరిత్ర, టైపు చేస్తున్నాను, ఊళ్ళో పిల్లలకి చదవడానికి ఇద్దామని. ముందుమాటలో దాన్ని రాయించిన తెల్లదొర పేరు రాయాల్సి వచ్చి అక్కడే ఆగిపోయాను. నా దగ్గరున్న నాలుగు పుస్తకాల్లో నాలుగు రకాలుగా ఉంది. మెకంజీ, మెకెంజీ, మెకన్జీ, మాకెంజీ. ఒక పుస్తకంలోనైతే అట్ట మీద ఒకటి, లోపల ఇంకొకటి! మన ఊళ్ళ కథలన్నీ కరణాల చేత రాయించి దాచిపెట్టిన మనిషి పేరు మనం సరిగా రాయలేకపోతే ఎలా? వాళ్ళ ఊళ్ళో వాళ్ళు ఎలా పలుకుతారు? "మెక్" అంటే కొడుకు అని విన్నాను. మరి ఆ "కెంజీ" ఎవరు? తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారిగట్టు
మెకంజీ అని రాసెయ్యండి. మా తాత అలాగే అనేవాడు, మా నాన్నా అంతే. "మెకంజీ కైఫీయతులు" అంటేనే చెవికి బాగుంటుంది.

శాసనాల శీను
తాత అన్నాడు కాబట్టి సరైనది అంటే శాసనాలు చదవక్కర్లేదు గోదారిగట్టు గారూ.

పుల్లారావు గారూ, ముందు మనిషి గురించి రెండు ముక్కలు. కాలిన్ మెకెంజీది స్కాట్లండ్ వాయవ్యాన లూయిస్ దీవిలోని స్టోర్నోవే. 1783లో మద్రాసు వచ్చాడు, తర్వాత కంపెనీ ఇంజనీర్లలో చేరాడు. 1815లో మొత్తం భారతదేశానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో పోతే కలకత్తాలో పాతిపెట్టారు. ఒక్క శాసనాల నకళ్ళే 8,076 పోగేశాడు. ఇంతా చేసి మన భాషలు ఆయనకి రావు. ఏలూరు కుర్రాడు కావలి వెంకట బొర్రయ్య దొరకబట్టి పని నడిచింది. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోతే తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నాడు. ముందుమాటలో దొర పేరుతో పాటు వీళ్ళ పేర్లు కూడా తప్పకుండా రాయండి.

ఇంటిపేరు సంగతి నాకంటే ఇందిర గారికి బాగా తెలుస్తుంది. ఆవిడ అక్కడే ఉంటారు కదా.

ఇన్వర్‌నెస్ ఇందిర
పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. మా వార్డులోనే ముగ్గురు మెకెంజీలు. వాళ్ళని అడిగి, ఇక్కడి లైబ్రరీలో చదివి తెలుసుకున్నది చెప్తాను.

ఇది ఇంగ్లీషు పేరు కాదు, గేలిక్ పేరు. గేలిక్ అంటే ఇక్కడి కొండసీమల, దీవుల పాత భాష. గేలిక్‌లో రాసే రూపాన్ని తెలుగులో పెడితే దగ్గర దగ్గరగా "మఖ్‌కొఞిఖ్" అవుతుంది. చివరి "ఖ్" గట్టిగా కాదు, గాలి వదిలినట్టు మెత్తగా. మధ్యలో ఉన్నది అచ్చంగా మన "ఞ". చిన్నప్పుడు అక్షరమాలలో నేర్చుకుని తర్వాత విడిగా ఎక్కడా వాడని అక్షరం ఇక్కడ పనికొచ్చింది!

"మాక్" అంటే కొడుకు. "కొఞిఖ్" అనేది "కొఞఖ్" అనే మగవాళ్ళ పేరుకి షష్ఠీ విభక్తి. రాముడు, రాముడి అన్నట్టు. ఆ పేరుకి అందగాడు, చక్కనివాడు అని అర్థం చెప్తారు. ఇంగ్లీషులోకి దాన్ని కెన్నెత్ అని తెచ్చుకున్నారు. కాబట్టి పుల్లారావు గారి "కెంజీ ఎవరు" అన్న ప్రశ్నకి జవాబు: కెన్నెత్. మెకెంజీ అంటే కెన్నెత్ కొడుకు.

పల్నాటి పుల్లారావు
అందగాడి కొడుకా! భలే. కానీ ఇందిర గారూ, మీరు రాసిన గేలిక్ పలుకుబడిలో "జ" శబ్దం ఎక్కడా లేదు. మరి కెంజీలో "జీ" ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

అచ్చుల మాష్టారు
ఈ ప్రశ్న కోసమే నేను ఈ వేదికలో ఇన్నాళ్ళు కూర్చున్నట్టుంది.

ముప్పై ఏళ్ళు కంపోజిటర్‌గా చేశాను. సీసం అక్షరాల కాలం. పెట్టెలో అచ్చు లేకపోతే ఏం చేస్తాం? దాని పోలిక ఉన్నది ఇంకోటి తీసి పెడతాం. ఆ ఇంటిపేరులో జరిగింది అదే.

స్కాట్లండ్‌లోనే ఇంగ్లీషుకి దగ్గరి భాష ఇంకోటి ఉంది, స్కాట్స్. పాత స్కాట్స్ రాతలో "యోఖ్" అని ఒక అక్షరం ఉండేది. చూడ్డానికి అంకె 3 లాగా, తోక కాస్త కిందికి దిగి ఉంటుంది. దాని పలుకు "య". "న" పక్కన పెడితే "న్య", అంటే ఇందిరమ్మ చెప్పిన "ఞ". కాబట్టి చేతిరాతల్లో ఆ పేరు "మకెన్యీ" అనే పలుకుతో ఉంది. అచ్చు యంత్రం ఎడిన్‌బరోకి వచ్చింది 1508లో. అచ్చులు బయటి దేశాల నుంచి తెచ్చుకునేవాళ్ళు. వాటిలో యోఖ్ ఎందుకుంటుంది? ఇంగ్లీషు అక్షరమాలలో ఆఖరిదైన జెడ్ ఉంది కదా, చేతిరాతలో దాన్ని కూడా తోక కిందికి లాగి 3 లాగానే రాసేవాళ్ళు. అదే తీసి బిగించారు. అప్పటివాళ్ళకి తెలుసు, కన్ను జెడ్ చూసినా నోరు "య" అనేది. తర్వాతి తరాలు కంటికి కనిపించిందే పలికాయి. "మకెన్యీ" కాస్తా "మకెంజీ" అయింది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మెంజీస్ అని రాసే ఇంటిపేరుని అక్కడి పాతవాళ్ళు "మింగిస్" అంటారు. ఆస్ట్రేలియా ప్రధాని రాబర్ట్ మెంజీస్‌కి "మింగ్" అనే ముద్దుపేరు రావడం దానివల్లే. డాల్జియెల్ అని రాసి "డీయెల్" అంటారు. వాటిల్లో పాత పలుకు బతికింది. మెకెంజీలో మాత్రం అచ్చే గెలిచింది.

మన దగ్గర ఇలాంటిది నా చేతుల మీదుగానే జరిగింది. బండి ఱ పెట్టెలో అయిపోతే మామూలు ర పెట్టేవాళ్ళం. గుఱ్ఱం జాషువా గారి ఇంటిపేరు "గుర్రం" అని ఎన్నిసార్లు పేర్చానో. అప్పట్లో అది తప్పనిపించలేదు. ఇప్పుడనిపిస్తోంది.

బెంగుళూరు బాబ్జీ
మాష్టారూ, దండం. ఇది కోజికోడ్ కథే కదా! మలయాళంలో అక్కడ ఉన్నది "ళ"కి దగ్గరగా నాలుక మడిచి పలికే అక్షరం. దానికి ఇంగ్లీషులో జెడ్, హెచ్ కలిపి రాస్తారు. మనవాళ్ళు ఆ జెడ్ చూసి "కోజికోడ్" అని పేపర్లలో కూడా రాసేశారు. మా ఆఫీసులో కోళిక్కోడ్ అబ్బాయి మొదట్లో దిద్దేవాడు, ఇప్పుడు మానేశాడు.

గోదారిగట్టు
అయితే ఇంతకీ "జీ" అన్నదే తప్పు కదా. మరి నా మెకంజీ ఎందుకు తప్పు? అందరూ తప్పే.

అచ్చుల మాష్టారు
@గోదారిగట్టు, తప్పు కాదు నాయనా. కాలిన్ దొర కాలానికి ఆ కుటుంబాలు తమ పేరుని ఇంగ్లీషులో ఎలా రాసుకున్నారో అది వాళ్ళ పేరే. నాలుగొందల ఏళ్ళు నిలబడిన పొరపాటుని ఇప్పుడు ఎవరు దిద్దుతారు.

చరిత్రంటే ప్రాణం
ఒక ముఖ్యమైన విషయం ఎవరూ చెప్పలేదు. ఆ కెన్నెత్ ఎవరో కాదు, స్కాట్లండ్ మొదటి రాజుగా చెప్పే కెన్నెత్ మెకాల్పిన్! 858లో చనిపోయాడు. అంటే మెకెంజీలు రాజవంశీకులు. నేను ఒక వీడియోలో చూశాను.

ఇన్వర్‌నెస్ ఇందిర
@చరిత్రంటే ప్రాణం, ఇది చాలామంది చేసే పొరపాటు. గేలిక్‌లో రెండు వేరువేరు పేర్లు ఉన్నాయి. ఒకటి "కొఞఖ్", పాత రూపం "కన్నెఖ్". రెండోది "కినేద్". ఇంగ్లీషువాళ్ళు రెంటినీ కెన్నెత్ అనే రాశారు. మెకాల్పిన్ రాజుది రెండోది. మెకెంజీల మూలపురుషుడిది మొదటిది. ఇంగ్లీషులో ఒకటైనంత మాత్రాన మనుషులు ఒకటి కారు.

డబ్లిన్ దుర్గ
ఇందిర వదినా, ఆ పాత రూపం చూడగానే నాకు కిల్‌కెన్నీ గుర్తొచ్చింది. మేము డబ్లిన్ నుంచి గంటన్నర కారు ప్రయాణంలో వెళ్తుంటాం. ఐరిష్‌లో ఆ ఊరి పేరుకి అర్థం "కన్నెఖ్ గుడి". ఆరో శతాబ్దపు సన్యాసి కన్నెఖ్ పేరు మీద వచ్చింది. అంటే మెకెంజీలో ఉన్న మనిషి పేరూ, కిల్‌కెన్నీలో ఉన్న సాధువు పేరూ ఒకటే!

ఇంకోటి. మా పక్కింటివాళ్ళు మెకెన్నా. చూడ్డానికి మెకెంజీకి అన్నదమ్ముల్లా ఉంటుంది కానీ అది వదిన చెప్పిన రెండో పేరు నుంచి వచ్చింది, కినేద్ నుంచి. పేరు పోలికలు చూసి చుట్టరికం కలిపేస్తే ఇంతే.

చరిత్రంటే ప్రాణం
సరే, ఆ వీడియో తప్పు. ఒప్పుకుంటున్నాను. కానీ ఇంకో కథ మాత్రం గట్టిది. ఐర్లండ్ నుంచి వచ్చిన కాలిన్ ఫిట్జెరాల్డ్ అనే వీరుడు, వేటలో రాజు మూడో అలెగ్జాండర్ మీదికి దూకిన దుప్పిని చంపి రాజుని కాపాడాడు. 1263 లార్గ్స్ యుద్ధంలో కూడా పోరాడాడు. అందుకు మెచ్చి 1266లో రాజు కిన్‌టైల్ ప్రాంతం రాసిచ్చాడు. అతని వారసులే మెకెంజీలు. వాళ్ళ గుర్తు దుప్పి తల. 78వ హైలండర్ల పటాలం టోపీ మీద "రాజుకి సాయపడు" అని గేలిక్‌లో ఉండేది. ఇంత ఆధారం ఉండగా కాదంటారా?

శాసనాల శీను
గుర్తు ఉందంటే కథ నిజమని కాదు. కథ నమ్మారు కాబట్టి గుర్తు పెట్టుకున్నారు.

ఈ ఫిట్జెరాల్డ్ కథకి పదిహేడో శతాబ్దంలో బలం వచ్చింది. మొదటి క్రొమార్టీ ఎర్ల్ (ఎర్ల్ అంటే అక్కడి ప్రభువుల బిరుదు) జార్జ్ మెకెంజీ తన వంశ చరిత్రలో దాన్ని గట్టిగా రాశాడు. 1266 దానపత్రాన్ని తర్వాతి చరిత్రకారులు పరీక్షించి నమ్మదగింది కాదని తేల్చారు. ఈ కథని కొట్టిపారేసిన వాళ్ళలో ఒక మెకెంజీ కూడా ఉన్నాడు, పంతొమ్మిదో శతాబ్దంలో ఆ వంశ చరిత్ర రాసిన అలెగ్జాండర్ మెకెంజీ. సొంత ఇంటి గొప్పని కాదనడానికి ఎంత నిజాయితీ కావాలో ఆలోచించండి.

"1467 రాతప్రతి" అని పిలిచే గేలిక్ వంశావళుల ప్రతి ఒకటి ఉంది. అందులో మెకెంజీలు ఐర్లండ్ నుంచి వచ్చిన ఫిట్జెరాల్డ్ సంతానం కాదు. ఆర్డ్ ప్రాంతపు గిల్లెయోయిన్ అనే గేలిక్ మనిషి వారసులు. మాథెసన్ కుటుంబానికి కూడా అక్కడే మూలం చూపిస్తుంది.

ఇక దుప్పి కథకి బొమ్మ కూడా ఉంది. 1786లో బెంజమిన్ వెస్ట్ వేశాడు, గోడంత బొమ్మ, ఇప్పుడు ఎడిన్‌బరో నేషనల్ గ్యాలరీలో ఉంది. వేయించింది అప్పటి మెకెంజీల పెద్ద. డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మని సాక్ష్యం అనలేం.

పల్నాటి పుల్లారావు
శీను గారూ, మీరు చెప్తుంటే నేను టైపు చేస్తున్న కైఫీయతులే కళ్ళ ముందు మెదులుతున్నాయి. ప్రతి జమీందారూ సూర్యవంశమో చంద్రవంశమో అంటాడు. ఒకాయన పూర్వీకుడు రాజుని పులి నుంచి కాపాడాడట, గ్రామం ఇనాం వచ్చిందట. పులి తీసి దుప్పిని పెడితే ఒకటే కథ.

శాసనాల శీను
@పల్నాటి పుల్లారావు, నేను అనబోయింది మీరే అనేశారు. ఇంకో సంగతి గమనించండి. దొర పేరు కాలిన్. దుప్పిని చంపాడని చెప్పే ఫిట్జెరాల్డ్ పేరు కూడా కాలిన్. ఆ వంశంలో కెన్నెత్, కాలిన్ అనే పేర్లు తరతరాలుగా తిరుగుతూనే ఉంటాయి, మనం తాత పేరు మనవడికి పెట్టినట్టు.

గోదారిగట్టు
కథ ఏదైనా, మెకెంజీలందరూ ఒక్క రక్తమే కదా. మన గోత్రం లాగా. అలాంటప్పుడు ఆ దొర కూడా దొరల వంశమే.

ఇన్వర్‌నెస్ ఇందిర
కాదు గోదారిగట్టు గారూ. ఇక్కడ నేను గట్టిగానే కాదంటాను. ఇలా ఒకే పేరుతో ఉండే వంశ సమూహాన్ని ఇక్కడ క్లాన్ అంటారు. క్లాన్ అంటే రక్తం ఒక్కటే కాదు. పెద్ద దొర భూమిలో కౌలుకి ఉన్నవాళ్ళు, అతని రక్షణ కోరి చేరినవాళ్ళు కూడా ఆ పేరే పెట్టుకునేవాళ్ళు. మెకెంజీలు కిన్‌టైల్‌లో చిన్నగా మొదలై, 1476లో మెక్డొనాల్డ్‌ల చేతి నుంచి రాస్ ఎర్ల్ పదవి జారిపోయాక ఒక్కసారిగా ఎదిగారు. 1623 నాటికి సీఫోర్త్ ఎర్ల్‌లు అయ్యారు. వాళ్ళ భూమి పెరిగినకొద్దీ పేరు కూడా పెరిగింది.

ఎదురు ఉదాహరణ కూడా చెప్తాను. ఐలీన్ డోనన్ కోటని మెకెంజీల తరఫున కాపలా కాసింది మెక్రే కుటుంబం. వాళ్ళని "మెకెంజీ ఇనుప కవచం" అనేవాళ్ళు. అంత దగ్గరగా ఉండి కూడా వాళ్ళు తమ పేరు వదులుకోలేదు. కాబట్టి ఇలా జరిగింది, అలా కూడా జరిగింది. ఆ కోటని 1719లో ప్రభుత్వ ఓడలు పేల్చేశాయి. ఇప్పుడు క్యాలెండర్లలో కనిపించేది ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ కట్టింది, 1932లో పూర్తయింది.

గోదారిగట్టు
మరి స్టోర్నోవేకి ఎలా వచ్చారు? అది దీవి కదా. కిన్‌టైల్ నేల మీద ఉంది.

శాసనాల శీను
మంచి ప్రశ్న. లూయిస్ దీవి మెక్లౌడ్‌లది. వాళ్ళు వారసత్వం కోసం తమలో తాము కొట్టుకుని నాశనమయ్యారు. రాజు ఫైఫ్ ప్రాంతం నుంచి పెట్టుబడిదారుల్ని పంపిస్తే దీవివాళ్ళు వాళ్ళని నిలవనివ్వలేదు. విసిగిపోయి 1610లో తమ హక్కుల్ని కిన్‌టైల్ మెకెంజీకి అమ్మేసుకున్నారు. అప్పటి నుంచి 1844 దాకా దీవి మెకెంజీలదే. ఆ ఏడాది కొన్నది ఎవరో తెలుసా? చైనా వ్యాపారంలో, నల్లమందుతో కలిపి, కోట్లు గడించిన జేమ్స్ మాథెసన్. 1467 రాతప్రతి ప్రకారం మెకెంజీలతో మూలం పంచుకున్న ఆ మాథెసన్‌ల పేరే!

డబ్లిన్ దుర్గ
ఆడవాళ్ళ పేరు సంగతి ఎవరూ ఎత్తలేదు. "మాక్" అంటే కొడుకు అయితే కూతురు ఏమవుతుంది? ఐర్లండ్‌లో ఐరిష్ రూపం వాడే ఆడపిల్లలు "నిక్" అంటారు. అక్కడ కూడా అంతేనా?

ఇన్వర్‌నెస్ ఇందిర
అంతే దుర్గా. మా వార్డులో పెద్దావిడ ఒకరు లూయిస్ నుంచి వచ్చారు. ఇంగ్లీషులో మెకెంజీ, గేలిక్‌లో "నిఖ్‌కొఞిఖ్". "నా బ్యాడ్జి మీద ఇంగ్లీషు పేరు ఉంది కానీ మా అమ్మ నన్ను పిలిచింది రెండోదే" అని ఆవిడ చెప్పారు.

ఆవిడే ఇంకో మాట చెప్పారు. లూయిస్‌లో ఇంటిపేర్లు తక్కువ. మెక్లౌడ్, మెక్డొనాల్డ్, మారిసన్, మెకెంజీ, ఇంకొన్ని. ఇంటిపేరు చెప్తే ఎవరో తెలియదు. అందుకని ఊళ్ళో తండ్రి పేరు, తాత పేరు వరసగా చెప్పుకుంటారు, లేదంటే ముద్దుపేరు. కొత్త పిల్లవాడు కనిపిస్తే పెద్దవాళ్ళు అడిగే మాట "కో లేష్ ఊ?". అంటే "ఎవరి తాలూకు నువ్వు?" ఆవిడ అది అనగానే నాకు మా అమ్మమ్మ వీధి అరుగు గుర్తొచ్చింది. పరాయి దేశంలో ఆ మాట విని కళ్ళు చెమర్చాయి.

బెంగుళూరు బాబ్జీ
మా ఊళ్ళో ఒకే ఇంటిపేరు వాళ్ళు నలభై గడపలు. "బావి దగ్గరోళ్ళు", "మిద్దె ఇంటోళ్ళు" అంటేనే పోస్ట్‌మ్యాన్‌కి కూడా తెలిసేది. మా ఇంటిపేరేమో పక్క జిల్లాలో ఒక ఊరి పేరు. వాళ్ళు తండ్రి పేరు మోస్తున్నారు, మనలో చాలామంది వదిలేసి వచ్చిన ఊరి పేరు మోస్తున్నాం.

కాల్గరీ కాత్యాయని
మా కెనడాలో ఈ పేరు నది! మెకెంజీ నది, 1,738 కిలోమీటర్లు. గోదావరి 1,465. అది కూడా స్టోర్నోవేలోనే పుట్టిన అలెగ్జాండర్ మెకెంజీ పేరు. 1789లో ఆ నది వెంట పడవల్లో ఆర్కిటిక్ సముద్రం దాకా వెళ్ళాడు. మన కాలిన్ దొర కంటే దాదాపు పదేళ్ళు చిన్న. ఒకే చిన్న ఊరి నుంచి ఒకడు మన శాసనాల దగ్గరికి, ఒకడు ఇక్కడి మంచు దగ్గరికి. కెనడా రెండో ప్రధాని కూడా అలెగ్జాండర్ మెకెంజీయే, కానీ ఆయన వేరే మనిషి, పెర్త్‌షైర్ వాడు. మా అమ్మాయి క్లాసులో ఒక పాపకైతే అసలు పేరే మెకెంజీ. కొడుకు అనే మాటతో మొదలయ్యే పేరు ఆడపిల్లకి పెట్టుకున్నారు, ముచ్చటగానే ఉంది.

అచ్చుల మాష్టారు
శీను చెప్పిన 1467 రాతప్రతి అచ్చులోకి రాకముందు కళ్ళు పోగొట్టుకుని చదివినవాళ్ళకి నమస్కారం. పుల్లారావూ, మీ కైఫీయతులో అరసున్నలూ బండి ఱలూ ఉంటే దయచేసి తీసెయ్యకండి. టైపులో కష్టమైనా సరే.

పల్నాటి పుల్లారావు
తీయను మాష్టారూ, మాటిస్తున్నాను. ఒక్కచోట ఱ స్పష్టంగా లేదు, ఫోటో పెడతాను, చూసి చెప్పండి.

ఇక పేరు విషయం. ఇప్పుడు వాళ్ళు పలికేదానికి దగ్గరగా "మెకెంజీ" అని రాస్తున్నాను. కింద ఒక పేరా చేరుస్తాను: మన పెద్దలు మెకంజీ అన్నారని, గేలిక్‌లో అది ఞ తో పలికే పేరని, అందగాడి కొడుకు అని అర్థమని. గోదారిగట్టు గారూ, మీ తాతగారి రూపం కూడా ఉంటుంది, కోపం వద్దు. బొర్రయ్య, లక్ష్మయ్య పేర్లు మొదటి వాక్యంలోనే పెట్టాను.

గోదారిగట్టు
కోపం ఎందుకండీ. నా పేరా మాత్రం పైన ఉండాలి.

సీమ సీతారామయ్య
ఆలస్యంగా చూశాను. మెకెంజీల భూములకి పక్కనే, క్రొమార్టీ ఖాతం ఒడ్డున ఫౌలిస్‌లో ఇంకో క్లాన్ ఉంది. మన్రోలు. మా దత్తమండలానికి 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉండి, 1827లో మా పత్తికొండలో కలరాతో పోయిన థామస్ మన్రో ఇంటిపేరు అదే. గేలిక్‌లో ఆ ఇంటివాణ్ణి "రోహఖ్" అంటారట, "రో" అనే చోటు నుంచి వచ్చినవాడు అని చెప్తారు. అంటే అది తండ్రి పేరు కాదు, బాబ్జీ గారు అన్నట్టు మనలాగా ఊరి పేరు. మా వైపు ఆయన మీద అభిమానంతో పిల్లలకి మన్రోలప్ప అని పెట్టుకున్నారు. మా ముత్తాత తమ్ముడి పేరు అదే. అక్కడి ఇంటిపేరు మా దగ్గర పెట్టుడు పేరు అయింది. దీని మీద ఇందిర గారు ఏమైనా చెప్తారా?

ఇన్వర్‌నెస్ ఇందిర
ఫౌలిస్ మా ఇంటి నుంచి అరగంట దూరం. ఈ ఆదివారం డ్యూటీ లేదు, వెళ్ళి చూసి వస్తాను. మన్రోలప్ప గురించి మీకు తెలిసిందంతా ఈలోపు రాసి పెట్టండి, అక్కడ ఎవరైనా కనిపిస్తే చెప్తాను.